అరవనిది

“ఏదైనా తెచ్చుకోండి. అరవకూడదు, అంతే” అన్నారు మా ఆయన, డ్యూటీకి బయల్దేరుతూ గుమ్మంలో చెప్పులు తొడుక్కుంటూ.

బడికి వేసవి సెలవులిచ్చిన రోజది. మా అమ్మాయిని మేం గువ్వ అని పిలుచుకుంటాం. అప్పటికి దానికి ఆరేళ్ళు నిండాయి. ఆయన చొక్కా అంచు పట్టుకుని, మధ్యాహ్నం నుంచీ కడుపులో దాచుకున్న మాట అప్పుడు బయటపెట్టింది, తనకు పెంచుకోవడానికి ఏదైనా జంతువు కావాలని. ఆ మాటైనా గొంతులోంచి అడగలేదు. మా ఇంట్లో మాటలన్నీ పెదవుల మీదే పుట్టి పెదవుల మీదే పోయేవి.

ఆయన పని దినపత్రిక అచ్చువేసే ప్రెస్సులో, పెద్ద యంత్రం దగ్గర. ఊరు పడుకున్నాక మొదలై, పాలు పోసేవాళ్ళు తిరిగే వేళకు ముగిసే పని. ఇంటికి వచ్చాక కూడా చెవుల్లో యంత్రం తిరుగుతూనే ఉంటుందట. నీళ్ళు పోసుకుని, నాలుగు మెతుకులు తిని, కిటికీలకు దుప్పట్లు కట్టిన గదిలో పడుకుంటే మళ్ళీ ఎండ వాలాకే లేవడం. మాకున్నవి రెండు గదులు. ఒకదాంట్లో ఆయన నిద్ర, రెండోదాంట్లో మిగతా సంసారమంతా.

అందుకని పగలంతా కిక్కురుమనకుండా బతకడం నేర్చుకున్నాం. కొళాయికి పాత గుడ్డ కట్టి, నీళ్ళు దాని వెంబడే బకెట్లోకి జారేలా చేశాను. ధార చప్పుడు ఉండదు. తలుపు మడతబందులకు నూనె, గిన్నెకూ గిన్నెకూ మధ్య గుడ్డముక్క. కూత పెట్టే కుక్కర్ అటక ఎక్కింది. నడక మునివేళ్ళ మీద. గువ్వ అసలు నడక నేర్చిందే అలా. “మీ అమ్మాయి ఎంత బుద్ధిమంతురాలండీ, క్లాసులో ఉన్నట్టే తెలీదు” అని టీచరమ్మ అన్నప్పుడు నేను వారం రోజులు పొంగిపోయాను.

బడి ఉన్నన్నాళ్ళూ పగలు ఎలాగో గడిచిపోయేది. సెలవులంటేనే నాకు దిగులు. ఆ పసిదాన్ని పొద్దుట్నుంచి సాయంత్రం దాకా చప్పుడు చేయకుండా ఎలా ఆడించడం? జంతువు మాట వినగానే ముందు భయపడ్డాను, తరవాత ఆశపడ్డాను.

కింది వాటాలో బట్టలు కుట్టే అక్క ఉండేది. పాపం, మా ఆయన నిద్ర కోసం ఆవిడ కూడా మిషను కింద మందపాటి బొంత పరుచుకుంది. నేను నోరు విప్పి మాట్లాడేది ఆవిడ ఒక్కతితోనే, అదీ మెట్లు దిగి ఆవిడ గుమ్మంలోకి వెళ్తేనే.

“కుక్క?” అంది అక్క, దారం పంటితో తెంపుతూ.

“మొరగదూ?”

“పిల్లి?”

“ఈడొచ్చాక వీధంతా దాని ఏడుపే ఉంటుందక్కా.”

“చిలక?” అనేసి, నేను చూసిన చూపుకు ఆవిడే నాలిక్కరుచుకుంది. “పోనీ చేపలు. నోరు తెరుస్తాయి గానీ మాట బయటికి రాదు. మీ ఇంటికి అతికినట్టు సరిపోతాయి.”

నా కొంగు పట్టుకుని నిలబడ్డ గువ్వ తల అడ్డంగా ఊపింది. “చేపని ఒళ్ళో పడుకోబెట్టుకోలేం కదా పెద్దమ్మా.”

“అరవకూడదు, కరవకూడదు, ఒళ్ళో పడుకోవాలి! అలాంటిది దొరికితే నాకూ ఒకటి తెచ్చిపెట్టవే తల్లీ. మీ పెదనాన్నని వాళ్ళమ్మగారింటికి పంపించేస్తాను.”

పెంపుడు జంతువులమ్మే దుకాణంలో అడుగు పెట్టేసరికి నా చెవులు గింగిరాలెత్తాయి. పిట్టలు, కుక్కపిల్లలు, వాటి మీద అరిచే దుకాణదారు. అరవనిది కావాలంటే నా మొహం వంక ఓసారి చూసి, వెనక వరసలోంచి ఒక బూడిదరంగు ముద్దను తీసుకొచ్చి బల్ల మీద పెట్టాడు. కుందేలు. ఒక చెవి నిలబడి ఉంది, రెండోది ఎందుకో వాలిపోయి ఉంది.

“దీనికి దేవుడు గొంతే పెట్టలేదమ్మా. రెండు క్యారెట్లు పడేసి గూట్లో పెట్టుకోండి, అంతే. పిల్లల్ని పెంచడం కన్నా తేలిక.”

“కరుస్తుందా? జబ్బులొస్తాయా? దీని వెంట్రుకలు పిల్ల ఊపిరితిత్తుల్లోకి పోతే? చన్నీళ్ళు పోయొచ్చా? ఎన్నాళ్ళు బతుకుతుంది?”

“బాగా చూసుకుంటే పదేళ్ళు కూడా బతుకుతుంది. మీ ప్రశ్నలన్నిటికీ జవాబు చెప్తే నేను బతకను.”

పదేళ్ళు! అప్పటికి గువ్వకు పదహారు వస్తాయి. నేను గుమ్మం వైపు తిరగబోయాను. కానీ గువ్వ అప్పటికే బల్ల మీద గడ్డం ఆనించి, దాని ముక్కుకు తన ముక్కు ఎదురుగా పెట్టి చూస్తోంది. ఆ ముక్కు ఆగకుండా అదురుతోంది. చప్పుడు మాత్రం లేదు.

పేరు కూడా ఆ రోజే పెట్టేసింది. ఇంటికొచ్చి గూడు దించుతుంటే, ఎక్కడ తలుపుకు తగులుతుందోనని నేను “ఉష్, ఉష్” అంటున్నానట. గువ్వకు అదే బాగుందట. కుందేలు పేరు ఉష్ అయింది.

*

నాకు తొమ్మిదో తరగతి మధ్యలోనే చదువు ఆపించేశారు. తెలియని సంగతి ఎదురైతే ఎవరో ఒకర్ని అడిగి తెలుసుకోకపోతే నాకు అన్నం సహించదు. రెండో రోజే కుందేల్ని బుట్టలో పెట్టుకుని పశువుల డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాను. ఆవిడ దాన్ని పొట్ట నుంచి పళ్ళ దాకా తడిమి చూసింది.

“ఏం పెడుతున్నారు?”

“క్యారెట్లండీ.”

“మిఠాయి మీద బతకమంటే మీరు బతుకుతారా? దీనికి కావలసింది గడ్డి. ఎండు గడ్డి రోజంతా ముందుండాలి. పళ్ళు పెరుగుతూనే ఉంటాయి, నమలకపోతే దవడలోకి పొడుచుకుంటాయి. పొట్ట కూడా ఆగకుండా పని చేస్తూ ఉండాలి. తినడం మానేసిందా, ఒక్క పూట కూడా ఆగొద్దు, తీసుకొచ్చెయ్యండి. రోజూ పొద్దున పెంటికలు చూడండి. చిన్నవైనా, తగ్గినా ఏదో తేడా ఉన్నట్టే.”

గువ్వ కళ్ళు పెద్దవి చేసుకుని ప్రతి మాటా మింగుతోంది.

“గూట్లో బంధించి ఉంచకండి. పరిగెత్తాలి, గెంతాలి. ఎండ అసలు పడదు. ఇంకో సంగతి, ఇవి ఒంటరిగా ఉండలేవు. జతలో ఉండే ప్రాణులు.”

“ఇంకోటి తెచ్చే వీలు ఇప్పుడు లేదండీ” అన్నాను, ఆయన మొహం గుర్తొచ్చి.

“అయితే మీరే జత. రోజూ కాసేపు నేల మీద దాని పక్కన కూర్చోండి. ఎత్తుకోనక్కర్లేదు. ఊరికే పక్కన ఉండండి, చాలు.”

బయటికి వస్తూ గుమ్మం దగ్గర ఆగాను. “డాక్టరుగారూ, ఇది నిజంగా అరవదు కదండీ?”

ఆవిడ నా వంక వింతగా చూసింది. “అరుస్తుంది. ప్రాణం మీదికొచ్చినప్పుడు, ఒక్కసారి. మీరు వినకూడదనే కోరుకోండి.”

ఆ మాట నన్ను వేసవంతా వదల్లేదు. అడుగు చప్పుడుకు ఉలిక్కిపడేదాన్ని ఇప్పుడు రాని అరుపు కోసం కూడా చెవులు రిక్కించి కూర్చోవడం మొదలుపెట్టాను.

అయినా ఉష్ మా ఇంట్లో ఇట్టే కలిసిపోయింది. పగలు అది కూడా నిద్రే. ఎండ వాలుతుంటే లేస్తుంది, తెల్లారగట్ల మళ్ళీ చురుకవుతుంది. అచ్చం మా ఆయన వేళలే. ఆయన తాళం తీసే చప్పుడుకు గుమ్మం దగ్గర సిద్ధంగా ఉండేది. సిరా వాసనకో ఏమో, ఆయన కాళ్ళ చుట్టూ గిరగిరా తిరిగి గాల్లోకి ఎగిరి పక్కకు దూకేది. నేను పక్క మీద కళ్ళు మూసుకునే వినేదాన్ని. “ఏరా, తిన్నావా? ఇవాళ రెండుసార్లు కాగితం తెగిందిరా. మూడోసారి తెగుంటే నా ఉద్యోగం తెగేది” అని దానితో నవ్వేవారు. నేను లేచి అన్నం వడ్డించేసరికి ఆ నవ్వు అయిపోయేది. కాగితం తెగిన సంగతి నాతో ఎప్పుడూ చెప్పలేదు. అడిగితే “మామూలే” అనేవారు.

పాడైన పత్రికలు తెచ్చి గూట్లో పరిచేది మాత్రం ఆయనే. గువ్వ పొద్దున్నే వాటి మీద పెంటికలు చూసి, నాకు వేలితో సైగ చేసేది, అంతా బాగుందని. ఆ పని నన్ను కూడా చేయనిచ్చేది కాదు.

*

ఎండలు ముదిరాయి. ఉన్న రెండు గదుల్లో చల్లగా ఉండేది ఆయన పడుకునే గదే. మా గది పెనంలా కాలేది. ఒక సీసాలో నీళ్ళు గడ్డకట్టించి, గుడ్డ చుట్టి కుందేలు పక్కన పెట్టేవాళ్ళం. అది ఆ సీసాకు ఒళ్ళు ఆనించి పడుకునేది. దాని పక్కన గువ్వ, గువ్వ పక్కన నేను. నేల మీద ముగ్గురం వరసగా, మాట లేకుండా.

అలాంటి ఒక మధ్యాహ్నం, ఎప్పుడు లేచిందో ఏమో, కుందేలు పీట మీదికి గెంతింది. పీట మీదున్న గాజు గ్లాసు కిందపడి భళ్ళుమంది.

ముగ్గురం బిగుసుకుపోయాం. కుందేలు కూడా చెవి నిలబెట్టి రాయిలా కూర్చుంది. లోపల ఆయన మంచం కిర్రుమంది, ఒకసారి దగ్గారు. ఆ తరవాత ఏమీ లేదు. నా ప్రాణం లేచొచ్చింది. చీపురు పట్టుకుంటే గాజు గరగరలాడుతుంది కదా, అందుకని తడిగుడ్డతో నెమ్మదిగా అద్ది ఎత్తాను. దుప్పట్లు కట్టిన ఇంట్లో వెలుతురు అంతంత మాత్రం. చేత్తో తడిమి చూసి అంతా వచ్చేసిందనుకున్నాను.

తరవాత కొన్నాళ్ళకు ఎండ ఇంకా పెరిగింది. ఆ రోజు మధ్యాహ్నం కుందేలు వంటగట్టు కింద మూలన ముడుచుకుని కూర్చుంది. కళ్ళు సగం మూసింది. పళ్ళు సన్నగా కొరుకుతోంది. ముందు పెట్టిన ఆకులు వాడిపోయి అలాగే ఉన్నాయి. గడ్డి కట్ట పొద్దున ఎలా పెట్టానో అలాగే ఉంది. గూట్లోకి తొంగి చూస్తే, పరిచిన కాగితం మీద వార్తలు తప్ప ఇంకేమీ లేవు.

 గువ్వ చెవి దగ్గర నోరు పెట్టి అడిగాను. “ఎప్పట్నించే ఇది తినంది?”

“నిన్నట్నించి.”

“నిన్నట్నుంచా! డాక్టరమ్మ ఏం చెప్పింది? పూట కూడా ఆగొద్దని చెప్పింది కదా! మరి నాకు చెప్పలేదేం?”

అది నా వంక ఆశ్చర్యంగా చూసింది, అంత తేలిక సంగతి నాకు తెలియనందుకు. “నాన్న పడుకున్నాడు కదమ్మా” అంది.

*

తడి తువ్వాలు పరిచిన బుట్టలో కుందేల్ని పెట్టుకుని, నెత్తి మీద కొంగేసుకుని, ఆ ఎండలో ఇద్దరం రిక్షా ఎక్కాం. దారి పొడుగునా నా చెవులు బుట్టలోనే ఉన్నాయి. అరుస్తుందేమో. ఆ ఒక్కసారి ఇప్పుడేనేమో.

డాక్టరమ్మ గదిలో కుక్కలు ఒకదాన్ని చూసి ఒకటి మొరుగుతున్నాయి. ఎవరిదో పిల్లి బుట్టలోంచి శాపనార్థాలు పెడుతోంది. డాక్టరమ్మ కుందేలు పొట్ట మీద చెవిగొట్టం పెట్టి చాలాసేపు విని తల ఎత్తింది.

“పొట్ట ఆగిపోయింది. ఎండకు నీరసించింది, తినడం మానేసింది. సూది వేస్తాను, రసం చేసి పట్టిస్తాను. రేపటిదాకా ఇక్కడే ఉంచండి. బతుకుతుందనే అనుకుంటున్నాను గానీ, పొద్దున వచ్చేసరికి ఏమైనా జరగొచ్చు.”

“అది మామూలుగానే ఉన్నట్టుందండీ... ఏమీ అనలేదు...”

“అనదమ్మా. అడవిలో నొప్పి బయటపెట్టిన కుందేల్ని వేటాడే జంతువులు ముందు తినేస్తాయి. అందుకే చివరిదాకా దాచుకుంటుంది. కదలకుండా కూర్చుంటే బాగున్నట్టు కాదు.”

కుందేల్ని లోపలికి తీసుకెళ్తుంటే గువ్వ వెనకాలే వెళ్ళింది. మునివేళ్ళ మీద. అన్ని కుక్కలు మొరుగుతున్న ఆ గదిలో, ఎవరి నిద్రా పాడయ్యే వీల్లేని చోట, అది గోడ పట్టుకుని మునివేళ్ళ మీద నడుస్తోంది. నాకు నవ్వొచ్చింది.

“ఇక్కడ మామూలుగా నడవచ్చే పిచ్చిదానా. నాన్న లేడు ఇక్కడ.”

“వద్దులే అమ్మా.”

“ఏం?”

“కాలు కింద పెడితే నొప్పి.”

డాక్టరమ్మే ముందు వంగింది. గువ్వను బల్ల మీద కూర్చోబెట్టమని నాతో అంది. ఎడమ మడమ ఎర్రగా, గట్టిగా, రేగుపండంత వాచి ఉంది. మధ్యలో చిన్న నల్ల చుక్క. చుట్టూ చర్మం తెల్లగా పాలిపోయింది.

“గ్లాసు పగిలిన రోజు గుచ్చుకుంది” అంది గువ్వ. “రక్తం కొంచెమే వచ్చింది. నేనే తుడిచేసుకున్నా.”

ఆ రోజు నుంచీ అది మా కళ్ళ ముందు కుంటుతోంది. అందరం మునివేళ్ళ మీద తిరిగే ఇల్లు. కుంటు ఎవరికి కనబడుతుంది?

“ఇది నా పని కాదు” అంది డాక్టరమ్మ. “పక్క సందులో డాక్టరుగారున్నారు, ఇప్పుడే వెళ్ళండి. కుందేలు సంగతి నాకొదిలెయ్యండి.”

ఆ డాక్టరుగారు పెద్దాయన. మడమ చీల్చడానికి ముందు గువ్వ తల నిమిరారు. “నొప్పి పుడితే గట్టిగా అరువమ్మా. అరిస్తే ముక్క ఎక్కడుందో నాకు తెలుస్తుంది.”

గువ్వ నా వంక చూసింది. అనుమతి అడుగుతోంది.

“అరువు తల్లీ” అన్నాను.

నోరు పెద్దగా తెరిచింది. మెడ నరాలు ఉబ్బాయి. కళ్ళలోంచి నీళ్ళు ధారగా కారాయి. గొంతులోంచి ఊపిరి తప్ప ఇంకేమీ రాలేదు. ముక్క బయటికొచ్చేదాకా అలాగే నోరు తెరుచుకుని ఉంది. పళ్ళెంలో పడ్డ గాజుపెంకు మాత్రం టింగుమంది.

*

ఇంటికొచ్చేసరికి ఆయన లేచి మంచం మీద కూర్చుని ఉన్నారు. గువ్వ కాలికున్న కట్టు చూసి నా వంక చూశారు. జరిగింది జరిగినట్టు చెప్పాను. నా గొంతు పెంచలేదు. పెంచడం నాకు చేతనైతే కదా.

“నాకెవరూ చెప్పలేదేం?” అన్నారు.

“మీరు పడుకున్నారు.”

 ఆయన గువ్వ పాదం ఒళ్ళో పెట్టుకుని, కట్టు చుట్టూ వేలితో నిమురుతూ చాలాసేపు కూర్చున్నారు. సిరా గీతలు పోని వేళ్ళవి. అన్నం తినకుండానే డ్యూటీకి వెళ్ళారు.

మర్నాడు తెల్లారింది. పాలవాళ్ళు వచ్చి వెళ్ళారు. తాళం చప్పుడు లేదు. యంత్రంలో చెయ్యి పడిందో, దారిలో ఏ లారీ అయినా... నా బుర్రలో రాని ఊహ లేదు. కాలుగాలిన పిల్లిలా గదిలో తిరుగుతుంటే ఫోను మోగింది.

“ఇక్కడే పడుకుంటా” అన్నారాయన. “కాగితం చుట్టలుండే గది చల్లగానే ఉంది. సాయంత్రం వచ్చి తినేసి వెళ్తాను. ఇక మీరు ఇంట్లో మామూలుగా ఉండండి.”

మామూలుగా అంటే ఎలా అని అడగబోయాను. అప్పటికే పెట్టేశారు.

కుందేలు బతికింది. రెండు రోజుల తరవాత ఇంటికి తెచ్చుకున్నాం. గూటి ముందు కూర్చుని అది గడ్డి పరక ఒక్కొక్కటే లోపలికి లాక్కుంటుంటే, ఆ కరకర మా ఇద్దరికీ సంగీతమైంది. కిటికీల దుప్పట్లు తీసేశాను. కొళాయి గుడ్డ విప్పేశాను. కుక్కర్ దించాను. మొదటి కూతకు గువ్వ పరుగున వచ్చి నా నడుముకు కరుచుకుంది.

కుట్టు అక్క మిషను కింద బొంత లాగేసింది. “పోన్లేవే, ఇన్నాళ్ళకి మీ ఇంటికి నోరొచ్చింది” అంది. “ఇదివరకు పైన మనుషులున్నారో దయ్యాలున్నాయో తెలిసేది కాదు.”

నవ్వాను. కానీ అప్పుడే ఇల్లు మరీ ఖాళీగా తోచింది. ఆయన నిద్రపోతున్నప్పుడు కనీసం తలుపు అవతల ఒక ఊపిరి ఉండేది. ఇప్పుడు ఆ తలుపు తెరిచే ఉంది, లోపల ఉతికిన దుప్పటి పరిచిన మంచం. సాయంత్రం వస్తారు, తింటారు, గువ్వ కాలు చూస్తారు, వెళ్ళిపోతారు. అద్దెకున్న మనిషిలా మర్యాదగా. నేనూ గువ్వా ఇంకా గుసగుసలే. గట్టిగా మాట్లాడుకోమంటే మాకు మాటలే దొరకలేదు. తెల్లారగట్ల లేచి కుందేలు పక్కన నేల మీద కూర్చునేదాన్ని. అది గుమ్మం వైపు తిరిగి కూర్చునేది.

ఒకరోజు గువ్వ కాలికి కొత్త కట్టు కడుతున్నాను. ఏదో తగిలి అది కాలు చటుక్కున లాక్కుంది. “నొప్పా?” అన్నాను.

“లేదు.”

“నిజం చెప్పవే.”

“లేదమ్మా, ఏం లేదు. నాకు ఎప్పుడూ నొప్పి లేదు.” కళ్ళలో నీళ్ళు తిరుగుతుంటే రెప్ప వేయకుండా ఆపుకుంటోంది. “మొన్న నొప్పని చెప్తే నాన్న వెళ్ళిపోయాడుగా.”

కట్టు ముడి వేశాను. ఆయన ఇచ్చిన నిశ్శబ్దం పోయిందనుకున్నాను. పోలేదు. ఇప్పుడది పిల్ల లోపలికి వెళ్ళి కూర్చుంది. రేపు జ్వరమొచ్చినా చెప్పదు. బడిలో ఎవరైనా కొట్టినా చెప్పదు. కుందేల్లా ఓ మూలకు చేరి, కళ్ళు సగం మూసుకుని, బాగున్నట్టే కనిపిస్తుంది.

“లే, నాన్న దగ్గరికెళ్దాం” అన్నాను.

*

ప్రెస్సుకు ఇనప గేటు. పగటిపూట యంత్రాలు ఆగి ఉన్నాయి. ఆవరణలో లోడు దించిన కాగితం చుట్టలు, వాటి నీడలో ఒక వాచ్‌మన్.

“లోపలికి పంపించకూడదమ్మా, కోప్పడతారు” అన్నాడు. “ఆ కిటికీ పక్కనే పడుకుంటాడు. ఇక్కణ్ణుంచి పిలవండి, వస్తాడు.”

గువ్వ గేటు చువ్వల మధ్య మొహం పెట్టింది. “నాన్నా” అంది.

వాచ్‌మన్ నవ్వాడు. “అలా పిలిస్తే నాకే వినపడలేదు పాపా, పక్కనే ఉన్నాను.”

నేను పిలుద్దామంటే ఆయన్ని పిలవడానికి నాకున్నదల్లా “ఏవండీ” ఒక్కటే. అదీ చెవి దగ్గర అనడమే అలవాటు. నడివీధిలో ఆ మాట ఎలా అరవాలో నాకు తెలియలేదు.

గువ్వ నా వంక చూడలేదు ఈసారి. కట్టు కట్టిన మడమ నేల మీద ఆనించి, రెండు చేతులతో చువ్వలు పట్టుకుని, గుండెల నిండా గాలి పీల్చింది.

“నాన్నా!”

సగంలో గొంతు విరిగింది. ఎవరూ రాలేదు. మళ్ళీ పిలిచింది. ఎదురు దుకాణంలో ఎవరో తల తిప్పి చూశారు. కిటికీలో మాత్రం కదలిక లేదు. నేను దాని భుజం మీద చెయ్యి వేశాను, ఇక చాల్లే అని. అది విదిలించుకుంది.

“నాన్నా! నాన్నా! కాలు నొప్పిగా ఉంది నాన్నా!”

ఆయన చెప్పుల్లేకుండా పరిగెత్తుకొచ్చారు. చొక్కా సగం తొడుక్కున్నారు. గేటు దగ్గరికొచ్చి ఆగి, గువ్వ వంక, అది పట్టుకున్న చువ్వల వంక, మళ్ళీ గువ్వ వంక చూశారు.

“నువ్వా పిలిచింది?”

“ఆ.”

“ఇందాకట్నుంచీ వింటూనే ఉన్నా” అన్నారు. “ఎవరి పిల్లో వాళ్ళ నాన్నని పిలుచుకుంటోందనుకుని అటు తిరిగి పడుకున్నానే.”

వాచ్‌మన్ నవ్వబోయి ఆగాడు. ఆయన చువ్వల మీద నుదురు ఆనించి కళ్ళు మూసుకున్నారు. యంత్రంలో ఏ మూల తేడా ఉందో వినేటప్పుడు అలా నిలబడతారని తరవాత ఎవరో చెప్పారు.

“ఏదీ, ఇంకోసారి పిలువు.”

“నాన్నా!”

“ఊఁ. ఇంకోసారి.”

“నాన్నా! ఇంటికొచ్చి పడుకో నాన్నా!”

“నువ్వు ఇలా అరిస్తే నాకు నిద్ర పట్టదే.”

“పట్టకపోతే పోనీ” అంది గువ్వ. ఆయన పెద్దగా నవ్వారు, తెల్లారగట్ల కుందేలు దగ్గర నవ్వినట్టే. చువ్వల్లోంచి చెయ్యి పెట్టి దాని మొహం తుడిచారు. అప్పుడు తల ఎత్తి, దాని వెనకాల ఎండలో కొంగు పట్టుకుని నిలబడ్డ నన్ను చూశారు.

“నువ్వూ ఉన్నావా?” అన్నారు.

“ఉన్నాను” అన్నాను.

ఆయన చెవి దగ్గర చెయ్యి పెట్టుకున్నారు. “ఏంటీ?”

నేను గేటు దగ్గరికి ఒక అడుగు వేశాను.

“ఉన్నానండీ” అన్నాను, ఈసారి కొంచెం గట్టిగా.